'అస్థెనెయా': వ్యాధికీ పాపానికీ నడుమ ఒక గ్రీకు పదం

కొత్త నిబంధన గ్రీకులో మానవ దౌర్బల్యాన్ని చెప్పే ముఖ్యపదం 'అస్థెనెయా'. 'స్థెనోస్' అంటే బలం. ముందున్న 'అ' మన నఞర్థకం వంటిదే, అభావసూచకం. కండరాలు పట్టు తప్పే మయస్థీనియా వ్యాధి పేరులో ఉన్నదీ ఈ మాటే. వాడుకలో ఉన్న పాత తెలుగు బైబిలు దీనిని సందర్భానుసారం వేర్వేరు మాటలతో అనువదించింది. యోహాను సువార్త 5వ అధ్యాయంలో 38 ఏళ్లుగా బాధపడుతున్న పురుషునిది 'వ్యాధి'. లూకా సువార్త 13వ అధ్యాయంలో 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని పీడించినది 'బలహీనపరచే' దయ్యం. మూలంలో ఇద్దరి స్థితికీ పేరు ఒక్కటే.

ఈ విభజన అనువాదకుల దోషమని నేననను. చిక్కు తరువాత వచ్చింది. నేటి తెలుగులో 'పేకాట అతని బలహీనత' అంటే అతనికి బలం లేదని కాదు, వ్యసనం ఉందని అర్థం. ఈ అర్థచ్ఛాయ అలవడిన పాఠకుడు పౌలు తన బలహీనతలను గూర్చి అతిశయించడం చదివినప్పుడు, ఏదో దుర్గుణాన్ని ఒప్పుకుంటున్నాడని భ్రమపడే అవకాశముంది.

రెండవ కొరింథీ పత్రికలో ఈ మాట మొదట ప్రత్యర్థుల నోట వినిపిస్తుంది. పత్రికల్లో ఘనుడే గాని ఎదుట నిలిస్తే దుర్బలుడని వారి ఎత్తిపొడుపు (10:10). పౌలు ఆ నిందను ఖండించడు, తనదిగా స్వీకరిస్తాడు. 11వ అధ్యాయం చివర అతిశయానికి ఉదాహరణగా అతడు ఎన్నుకొన్న సంఘటన విచిత్రమైనది: అరెత రాజు అధికారి దమస్కుకు కావలి పెట్టగా, గోడ కిటికీలోనుంచి తనను గంపలో దించారట. శత్రువుల గోడను మొదట ఎక్కిన సైనికుడికి రోమనులు కిరీటమిచ్చేవారు. పౌలు చెప్పుకొన్నది గోడ దిగిన కథ. ఈ వ్యంగ్యాన్ని పండితులు లోగడనే గుర్తించారు. మన విచారణకు పనికివచ్చేది మరొకటి: ఆ గంపలో వ్యాధీ లేదు, పాపమూ లేదు. పరుల చేతుల్లోని తాటికి ప్రాణం అప్పగించిన నిస్సహాయత ఉంది. 'అస్థెనెయా'కు ఇంతకన్న స్పష్టమైన నిర్వచనం నాకు కనబడలేదు.

అయితే ఈ పదానికి పాపంతో పొత్తే లేదనడం అతివాదం. రోమా పత్రిక 5వ అధ్యాయంలో బలహీనులు, భక్తిహీనులు, పాపులు ఒకే వాదంలో వరుసగా వస్తారు. హెబ్రీ పత్రిక 5:2లో ప్రధానయాజకుణ్ణి బలహీనత చుట్టుకొని ఉంటుంది. అక్కడి క్రియాపదాన్నే అపొస్తలుల కార్యములు 28:20లో పౌలు తన ఒంటిమీది సంకెలకు వాడాడు. ఆ యాజకుడు తన పాపాలకూ బలి అర్పించవలసినవాడే. కాని అంతకుముందే, 4:15లో, క్రీస్తు మన బలహీనతలలో సహానుభూతి గలవాడనీ పాపం లేనివాడనీ ఒకే వాక్యం చెబుతుంది. రెండూ ఒకటే అయితే ఆ వాక్యం నిలవదు.

మత్తయి సువార్త 8:17 ఇంకా విలువైన సాక్ష్యం. అది యెషయా 53:4కు ఉద్ధరణ. సెప్టువజింటు గ్రీకు అనువాదం అక్కడ 'పాపాలు' అంటే, మత్తయి 'అస్థెనెయా' బహువచనాన్ని వాడాడు. హీబ్రూ మూలంలో ఉన్నది రోగవాచకమే. స్వస్థత పొందిన రోగులను వర్ణించే చోట పాపశబ్దాన్ని ఆయన రానీయలేదు.

తెలుగులో 'అశక్తత' అంటే? నిర్మాణంలో దగ్గరిదే. 'హీన' శబ్దంలోని చులకన గాని, 'దుర్' ఉపసర్గలోని చెడు గాని అందులో లేవు. హెబ్రీ పత్రికకు దానినే మేలనుకుంటాను. కొరింథీ పత్రిక 12:9లో మాత్రం జంకుతాను. అక్కడ 'శక్తి' పక్కన 'అశక్తత' చేరితే మూలంలో లేని శబ్దచమత్కారం పుడుతుంది. గ్రీకులో ఆ రెండు మాటల ధాతువులు వేరు. అక్కడ 'బలహీనత'నే ఉంచవచ్చు. పక్కనే ఉన్న నిందలు, ఇబ్బందులు, హింసలు దాని అర్థాన్ని కాపాడుతున్నాయి.