గవ్వల పందెం, యాప్ పాచిక: లూడో కింగ్‌లో అష్టాచెమ్మా మిగిలిందెంత?

2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలయ్యాక లూడో కింగ్ యాప్ అసంఖ్యాక కుటుంబాలకు కాలక్షేపమైంది. మన పాత ఆట తిరిగి వచ్చిందన్న మాట అప్పుడు విరివిగా వినిపించింది. తిరిగి వచ్చినది ఏ ఆట?

లూడో 1896లో ఇంగ్లండులో పేటెంటు పొందిన ఆట. దానికి మూలం మన పచ్చీసు. గవ్వల స్థానంలో ఆరుముఖాల పాచికను పెట్టడం అందులోని ప్రధానమైన మార్పు. యాప్ అనుకరించినది ఈ రూపాన్నే. ఐదు వరుసల ఐదు గడుల అష్టాచెమ్మాకు అది దూరపు బంధువు మాత్రమే.

పాచిక మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఆట స్వభావమంతా అక్కడే ఉంది. నాలుగు గవ్వలు బోర్లా, వెల్లకిలా సమానంగా పడతాయనుకుంటే మొత్తం 16 అవకాశాలు. వాటిలో రెండు పడేవి 6. ఒకటి, మూడు పడేవి నాలుగేసి. నాలుగూ వెల్లకిలా పడే చెమ్మకు ఒక్కటే అవకాశం. నాలుగూ బోర్లా పడే అష్టకూ ఒక్కటే. అంటే ఆట తన పేరును అత్యంత అరుదైన రెండు పందేల నుండి తీసుకుంది. కన్నడంలో ఇదే ఆటకున్న చౌకాబార అన్న పేరులోని చౌక కూడా నాలుగు పందేన్నే చెబుతుంది. యాప్ పాచికలో ఆరు పడే అవకాశం ఒకటి పడే అవకాశంతో సమానం. నిరీక్షణ ఉంది, కాని దానికి పేరు లేదు. పైగా గవ్వ వంపును బట్టి, విసిరే తీరును బట్టి పై లెక్క తారుమారవుతుంది. ఫలానావారి చెయ్యి మంచిదన్న నమ్మకానికి అక్కడే తావు. ఒరిగిన గవ్వ బోర్లాయా, వెల్లకిలాయా అన్న తగవును చుట్టూ కూర్చున్నవారు తీర్చాలి. యాప్‌లో తగవుకే ఆస్కారం లేదు.

భాష సంగతి మరింత ముఖ్యం. అష్టాచెమ్మాలో పావును కాయ అంటారు. గమ్యం చేరితే అది పండుతుంది. ప్రత్యర్థి కాయను చంపనిదే లోపలి గడులలోకి ప్రవేశం లేదన్నది బహుళ ప్రచారంలో ఉన్న నియమం. చంపినవారి కాయే పండాలనే ఈ కఠినమైన రూపకం యాప్‌లో టోకెన్, హోమ్ అనే రెండు మాటలుగా కుదించుకుపోయింది. దీనిని నేను కేవలం పరిభాష మార్పుగా భావించలేను.

దూరాన ఉన్న పిల్లలతో మాట్లాడుతూ ఆడుకునే వీలును వాయిస్ చాట్ కల్పించింది. మోకాళ్ల నొప్పులతో నేలమీద కూర్చోలేని పెద్దలకు అది చిన్న మేలు కాదు. ఐతే అది కలిపినది మనుషులను, ఆటను కాదు.

తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం పక్కపక్కనే వినిపించే సికింద్రాబాద్‌లో ఈ పందేలను ఏ ఇంట ఏమని పిలుస్తారో, గవ్వలకు బదులు చింతగింజలు వాడేచోట పేర్లు మారుతాయో లేదో నమోదు చేయడం ఒక క్షేత్రపరిశోధనకు చాలిన పని. చెప్పగల పెద్దలు మారేడ్‌పల్లిలోను, బోయిన్‌పల్లిలోను ఇంకా ఉన్నారు.