మూత తీయకముందే దొరికే దొంగ

కర్నూలు జిల్లా ఆలూరు లాంటి ఊళ్లో హోం థియేటర్ రిసీవర్ మూగబోతే ఇంట్లోవాళ్ల నోట వచ్చే తొలి మాట ‘ఐసీ పోయింటాది’. పాత అలవాటది. 4440 ఐసీతోనో, సి5200, ఎ1943 ట్రాన్సిస్టర్ల జతతోనో షాపుల్లో చేత్తో ఆంప్లిఫయర్లు కట్టిన రోజుల్లో ఆ అనుమానం చాలాసార్లు నిజమయ్యేది కూడా. ఇప్పటి రిసీవర్ దారి వేరు. తనకు ముప్పుందనిపిస్తే ముందు పలకమీద ‘ప్రొటెక్ట్’ అని చూపించి, లోపల రిలే టక్కుమనగానే ఆగిపోతుంది. దాన్ని చూసి పెట్టె చచ్చిందనుకుని ఆదోనికో బళ్లారికో బస్సెక్కించేవాళ్లే ఎక్కువ.

బస్సెక్కే ముందు వెనకవైపు ఓసారి చూడాలి. స్పీకర్ వైరు చివరను పళ్లతో కొరికి ఒలిచి, రాగి పోగుల్ని మెలితిప్పకుండానే టెర్మినల్లో దూర్చి బిగించేసే ఇళ్లు కోకొల్లలు. అందులో వెంట్రుకంత పోగు ఒకటి ఎర్ర టెర్మినల్ నుంచి పక్కనున్న నల్లదానికి తగిలినా చాలు, రిసీవర్ పలకదు. ప్లగ్గు తీసేసి, స్పీకర్ వైర్లన్నీ ఊడదీసి, రిసీవర్‌ను ఒంటరిగా ఆన్ చేస్తే సంగతి తేలిపోతుంది. మామూలుగా వెలిగిందా, తప్పు వైర్లలోనో స్పీకర్లలోనో ఉంది. ప్రతిసారీ ఆఫ్ చేసి ఒక్కో స్పీకరే కలుపుతూ పోతే దొంగ దొరుకుతాడు. పాత ఎనిమిది ఓమ్‌ల పెట్టెలు రెండింటిని ఒకే జత టెర్మినళ్లకు పక్కపక్కన కలిపితే మొత్తం నాలుగు ఓమ్‌లవుతుంది. చిన్న రిసీవర్లు ఆ భారం మోయలేక సౌండు పెంచగానే ఆగిపోతాయి.

వైర్లన్నీ తీసినా ప్రొటెక్ట్ పోకపోతే అది మెకానిక్ పని. అనుభవమున్న మెకానిక్ దాన్ని నేరుగా కరెంటుకు పెట్టడు. వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బును సీరీస్‌లో కలిపిన బోర్డు ఒకటి బల్లమీద ఉంటుంది, దాని గుండా ఇస్తాడు. బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే ఊపిరి పీల్చుకోవచ్చు. నిండుగా వెలుగుతూనే ఉందంటే లోపల షార్టుంది. ఏ ఖరీదైన మీటరూ ఇంత తొందరగా, ఇంత చవకగా జవాబు చెప్పదు.

ఆ షాపుల్లోనే ఇంకో ముచ్చటైన పరీక్ష ఉంది. ‘సౌండు వస్తాంది గానీ బేస్ లేదన్నా’ అని ఎవరైనా వస్తే మెకానిక్ గోడ గడియారంలోంచి సెల్లు తీస్తాడు. ఒకటిన్నర వోల్టుల ఆ సెల్లు ప్లస్ కొనను స్పీకర్ వైరులో ఎర్రదానికి, మైనస్ కొనను నల్లదానికి క్షణంపాటు తాకిస్తే కోన్ ముందుకు పొంగాలి. లోపలికి పీల్చుకుంటే ఆ స్పీకరు తిరగబడి కలిపి ఉన్నట్టు. ఒకటి ముందుకు తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతుంది, మధ్యలో బేస్ మాయమవుతుంది. రెండు వైర్లు అటూ ఇటూ మార్చితే సరి.

ఎండాకాలం వేరే కథ. కర్నూలు జిల్లాలో ఎండ 40 డిగ్రీలు దాటడం వింత కాదు. పయనీర్ మాన్యువళ్లు చూస్తే రిసీవర్ పనిచేయాల్సిన వాతావరణం 5 నుంచి 35 డిగ్రీలని రాసి ఉంటుంది. అంటే మే నెల మధ్యాహ్నం మన హాల్లో అది నియమం దాటే పనిచేస్తోందన్నమాట. పైగా దానిమీద సెటాప్ బాక్సు, బాక్సుమీద అల్లిన గుడ్డ, గుడ్డమీద దేవుడి పటం! గాలి పోవాల్సిన సందుల్లో నల్లరేగడి దుమ్ము. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల వయసు ప్రతి పది డిగ్రీల వేడికీ దాదాపు సగానికి పడిపోతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక మోటు లెక్క ఉంది. కాబట్టి గుడ్డ తీసేయడమే తొలి రిపేరు. పైన జానెడు ఖాళీ వదిలి, ప్లగ్గు తీశాక మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే మరీ మంచిది.

ఇక నేలతో ముడిపడ్డ పేచీ ఒకటుంది: గుయ్‌మనే మోత. పాట ఆపినా, సినిమా ఆపినా వెనక సన్నగా మోగుతూనే ఉంటుంది.

‘ఏమప్పా, కొత్త పెట్టె గూడా ఇట్ల అరుస్తాదా?’

‘డిష్ వైరు పీకి సూడన్నా, ఆగిపోతాదేమో.’

చాలా ఇళ్లలో నిజంగానే ఆగిపోతుంది. మిద్దెమీది డిష్ నుంచి వచ్చే కేబులు తొడుగు ఒక దారిన భూమిని తాకుతుంది, రిసీవర్‌కు మూడో పిన్నుంటే అది మరో దారిన తాకుతుంది. రెండు చోట్లా భూమి మట్టం సమానంగా లేకపోతే ఆ తేడా సిగ్నల్ వైర్లలో పారి 50 హెర్ట్జ్ మోతగా స్పీకర్లో పడుతుంది. టీవీ, సెటాప్ బాక్సు, రిసీవర్ మూడింటినీ ఒకే బోర్డుకు పెడితే మోత తగ్గవచ్చు. టీవీకీ రిసీవర్‌కూ మధ్య ఆప్టికల్ కేబుల్ వేస్తే ఆ వైరులో పోయేది వెలుగే కాబట్టి అటునుంచి మోత దాటి రాలేదు. ఇన్‌పుట్ వైర్లన్నీ తీసినా మోగుతోందంటే లోపల కెపాసిటర్లు ముసలివై ఉండవచ్చు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి మారినప్పుడే గరగరమంటే, అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ చేసే అల్లరి.

మోత పోవడానికి కొందరు మూడో పిన్ను విరిచేస్తారు. మోత పోతుంది నిజమే, దాంతోపాటు ప్రాణానికున్న అడ్డమూ పోతుంది. ఈ పని ఎవరు చెప్పినా చేయకూడదు. అసలు లోపం ఇంటి వెనక ఎర్తు గుంతలో ఉండవచ్చు. తడి ఉన్నంతకాలం మట్టి కరెంటును బాగానే దిగనిస్తుంది. ఎండల్లో నల్లరేగడి బీటలు వారి, ఎర్తు పైపును వదిలేసి పక్కకు జరుగుతుంది. ఉప్పు, బొగ్గు వేసి గుంత నింపిన పాతకాలం ఎలక్ట్రీషియన్లు మీద గరాటు పెట్టి నీళ్లు పొయ్యమన్నది ఇందుకే. గచ్చు వేసినప్పుడు ఆ గరాటును సిమెంటుతో పూడ్చేసిన ఇళ్లెన్నో.

టీవీ నుంచి సౌండే రావడం లేదంటే మాత్రం రిపేరు పని ఉండకపోవచ్చు. టీవీ సౌండును హెచ్‌డీఎంఐ కేబులు గుండానే రిసీవర్‌కు పంపే ఎఆర్‌సీ వసతి 2009లో వచ్చింది. అది టీవీకున్న అన్ని హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఉండదు, సాధారణంగా ఆ పేరు రాసి ఉన్నదాంట్లోనే ఉంటుంది. కేబులు అందులో పెట్టి, టీవీ సెట్టింగుల్లో సీఈసీ ఆన్ చేయాలి. అయిదు స్పీకర్లున్నా రెండే పలుకుతుంటే ఆడియో అవుట్‌పుట్ పీసీఎం మీద ఉందేమో చూసి బిట్‌స్ట్రీమ్‌కు మార్చాలి. ఫైట్లు దద్దరిల్లి మాటలు వినపడకపోతే మధ్య స్పీకర్ లెవెల్ రెండు మూడు డెసిబెళ్లు పెంచితే చాలు.

రిసీవర్‌కు వేలు పోసేవాళ్లకు ఒక మనవి. శివరాత్రి వెళ్లగానే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు పరీక్ష చేయించండి. గుంత మూసుకుపోయి ఉంటే తెరిపించి, వానలు పడేదాకా వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. బోరు నీళ్లయినా ఫరవాలేదు.