సీతమ్మ చాటున నర్తకి

2014 జనవరి 13న అంజలీదేవి చెన్నైలో కన్నుమూసినప్పుడు వచ్చిన నివాళుల్లో చాలామటుకు సీతమ్మకు పట్టిన హారతులే. మా నరసన్నపేటలో అరవై దాటిన ఆడవాళ్ళను కదిపితే ఆమె పేరు కూడా చెప్పరు, ‘లవకుశ సీత’ అంటారు. ఆ గౌరవాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆట వల్లే సినిమాల్లోకి వచ్చి, ఆట చుట్టూ అల్లిన కథలమీద సొంత డబ్బు పెట్టిన ఒక స్త్రీ ఆ హారతి పొగలో కనపడకుండా పోయింది.

1927లో పెద్దాపురంలో పుట్టిన అంజమ్మ, నాటకాల్లో అంజనీకుమారి అయింది. కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ ఆమెకు బడి. ఆ నాటకాలకు సంగీతం కూర్చిన ఆదినారాయణరావే తరవాత ఆమె భర్త. స్త్రీ వేషాలు మగవాళ్ళు కట్టడం ఇంకా మామూలుగా ఉన్న రోజులవి. చీర కట్టి రంగస్థలాన్ని ఏలిన స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ప్రతిభకు అది తగినదే. అదే రంగస్థలం మీద నిజంగా ఆడపిల్ల ఆడితే మాత్రం మొదట వచ్చే ప్రశ్న ‘ఎవరి పిల్ల?’ అని.

సి. పుల్లయ్య ఆమెకు అంజలీదేవి అని పేరు మార్చి ‘గొల్లభామ’ (1947)లో మోహిని వేషం ఇచ్చాడు. కథానాయిక కృష్ణవేణి. ‘కీలుగుర్రం’ (1949)లో రాజును వలలో వేసుకున్న రాక్షసి. అందం, ఆట రెండూ ఉన్న స్త్రీకి అప్పటి జానపద చిత్రం ఇచ్చిన చోటు ఇదే: మోహిని గానీ, రాక్షసి గానీ. 1947లోనే మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ నిషేధ చట్టం వచ్చిందని గుర్తుచేసుకోవాలి. ఆటనే బతుకుగా చేసుకున్న స్త్రీలను గుడి నుంచి చట్టం పక్కకు నెడుతున్న ఏడే, తెర మోహినిని పిలిచి కూర్చోబెట్టింది. ఆడేవాళ్ళు సిగ్గుపడాలి, చూసేవాళ్ళు అక్కర్లేదు.

తన చేతికి నిర్ణయం వచ్చాక ఆమె ఏం చేసిందన్నది నాకు ముఖ్యం. భర్తతో కలిసి నడిపిన అంజలీ పిక్చర్స్ 1955లో ‘అనార్కలి’ తీసింది. మన విజయనగరం మధురవాణిని సావిత్రి తెరకెక్కించింది కూడా ఆ ఏడే. 1957లో ‘సువర్ణసుందరి’. ఒకరు అక్బరు కొలువులో నర్తకి, మరొకరు ఇంద్రసభలో. రెండింటికీ దర్శకుడు వేదాంతం రాఘవయ్య, చాలాకాలం ఆడవాళ్ళను మేళంలో చేర్చుకోని కూచిపూడి నుంచి వచ్చినవాడు. ఆయన చెప్పినట్టు ఆడుతున్నది ఒక స్త్రీ, ఆ స్త్రీ నిర్మాత కూడా. ఈ తలకిందుల సంగతి మన సినీ విమర్శకు పట్టినట్టు లేదు. ‘సువర్ణసుందరి’లో ఘంటసాల, జిక్కి పాడిన రాగమాలికను ఇప్పటికీ పాడుకుంటాం, ఆదినారాయణరావు విద్వత్తును మెచ్చుకుంటాం. నిర్మాతగా అంజలీదేవి గురించి రెండు వాక్యాలు రాస్తే ఎక్కువ.

అలాగని అవి స్వేచ్ఛా గాథలు కావు. అనార్కలి కథ గోడ దగ్గర ముగుస్తుంది. సువర్ణసుందరి మనిషిని ప్రేమించినందుకు శాపం మోస్తుంది, మొగుడికీ బిడ్డకీ దూరమై తిరుగుతుంది. సొంత కంపెనీ ఉన్నా నర్తకికి శిక్ష లేని కథ దొరకలేదు. దొరికినా హాలు నిండేదా అన్నది వేరే సందేహం. ఆమె చేసింది, శిక్షకు ముందున్న ఆటకు తెరమీద వీలైనంత చోటు సంపాదించడం. నాకు అది చిన్న పనిగా తోచదు.

ఆమెను మోహినిని చేసిన పుల్లయ్యే రంగుల ‘లవకుశ’ మొదలుపెట్టి సీతను చేశాడు. డబ్బు చాలక ఏళ్ళ తరబడి ఆగిన ఆ సినిమాను ఆయన కొడుకు సి.ఎస్. రావు పూర్తిచేస్తే 1963లో వచ్చింది. ఊళ్ళకు వెళితే ఆడవాళ్ళు తన కాళ్ళకు మొక్కేవారని ఆమే చెప్పుకునేది. తప్పు చేయకుండా అడవికి పోయిన సీతలో ఆ స్త్రీలు తమ కడుపుకోతను చూసుకుని ఉంటారు, దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. నా పేచీ మోహినిని కడిగేస్తేనే సీత పూజ్యురాలవుతుందన్న లెక్కతో. మా జిల్లా జాతరల్లో రికార్డింగ్ డాన్సు చేసే పిల్లల్ని చూడండి. పందిరి ముందు ఈలలు వేసిన నోళ్ళే తెల్లారాక వాళ్ళను ఏ పేర్లతో పిలుస్తాయో అందరికీ తెలుసు.

సీత అయ్యాక కూడా ఆమె ఆట కథల్ని వదల్లేదు. 1976లో అంజలీ పిక్చర్స్ ‘మహాకవి క్షేత్రయ్య’ తీసింది. ఆదుర్తి సుబ్బారావు మొదలుపెట్టి మధ్యలో చనిపోతే, దాన్నీ సి.ఎస్. రావే పూర్తిచేశాడు. క్షేత్రయ్య పదాలు మూడు వందల ఏళ్ళు బతికింది ప్రధానంగా కళావంతుల స్త్రీల గొంతుల్లో, చేతివేళ్ళలో. సినిమా పేరులో ఉన్నది మాత్రం మహాకవి.