పేరు మార్చుకున్న పత్రిక: నిర్వహణ ఎవరిది, పెత్తనం ఎవరిది?

విద్వత్పత్రికలు పేరు మార్చుకోవడం గ్రంథాలయ జాబితాలు రాసేవారికి తప్ప ఇతరులకు పట్టని విషయమని సాధారణంగా భావిస్తారు. బ్రిటన్‌లో 1985లో ప్రారంభమైన ‘విమెన్ ఇన్ మేనేజ్‌మెంట్ రివ్యూ’ 2008లో ‘జెండర్ ఇన్ మేనేజ్‌మెంట్’ అనే కొత్త పేరుతో వెలువడినప్పుడు మన ప్రాంతంలో దానిని గురించి చర్చ జరిగినట్లు కనబడదు. ప్రచురణకర్తలైన ఎమరాల్డ్ సంస్థవారు సంపుటాల వరుసను మాత్రం తెంచలేదు. కొత్త పేరుతో వచ్చిన మొదటి సంపుటం ఇరవైమూడవది. అనగా ఇది పాత ఇంటికే కొత్త గడప పెట్టడం. అయితే ఆ గడప దాటి లోపలికి రాగలిగినవారెవరు అన్నది విచారించదగిన ప్రశ్న.

మొదటి పేరులో ఒక అంతరార్థం ఉన్నది. నిర్వహణ అనే భవనం ముందే సిద్ధంగా ఉన్నదనీ, అందులోకి స్త్రీ ఎట్లా ప్రవేశించాలన్నదే సమస్య అనీ ఆ పేరు సూచిస్తుంది. స్త్రీకి ఆత్మవిశ్వాసం చాలదా, శిక్షణ చాలదా, ఇంటి బాధ్యత అడ్డమా? ఆ కాలపు పరిశోధన చాలవరకు ఈ ప్రశ్నల చుట్టూ తిరిగింది. కాని 1977లోనే రోజబెత్ మాస్ కాంటర్ ఒక పెద్ద సంస్థను పరిశీలించి, లోపంగా కనబడేది స్త్రీ స్వభావంలో కాక ఆమెకు దక్కిన స్థానంలోను, అవకాశాలలోను, సంఖ్యాబలం లేకపోవడంలోను ఉన్నదని చూపింది. 1990లో జోన్ ఏకర్ మరింత ముందుకు పోయి, ‘ఉద్యోగి’ అనే భావనే ఇంటి పనిలేని ఒక పురుషుని కొలతకు కుట్టినదని వాదించింది. ఈ దృష్టితో చూస్తే 2008 నాటి పేరు మార్పు సమంజసమే, కాస్త ఆలస్యమైనదే. స్త్రీని మాత్రమే బోనులో నిలబెట్టే పేరు పోయి, స్త్రీపురుష సంబంధాన్ని ప్రశ్నించే పేరు వచ్చింది. (‘జెండర్’కు తెలుగులో నిలదొక్కుకున్న మాట లేదు. ‘లింగం’ అంటే వ్యాకరణమో శివాలయమో గుర్తుకు వస్తుంది. మన స్త్రీవాద రచయిత్రులు ఆ ఇంగ్లీషు మాటనే ఉంచుకోవడం అవివేకం కాదు.)

మన దేశంలోను ఇటువంటి మార్పు జరిగింది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ విమెన్స్ డెవలప్‌మెంట్ స్టడీస్‌వారు 1983లో ‘సామ్య శక్తి’ అనే పత్రికను ప్రారంభించారు. 1994లో అదే సంస్థనుండి ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ జెండర్ స్టడీస్’ వచ్చింది. వారు పాత లెక్కను కొనసాగించక ఒకటవ సంపుటంతో మొదలుపెట్టారు. అంతర్జాతీయ పాఠకులను చేరుకోవడానికి ఇది ఉపకరించి ఉండవచ్చు గాని, దేశీయమైన పేరు పోయిన లోటు నాకు కనబడుతూనే ఉన్నది.

బ్రిటిష్ పత్రికపై నా ఆక్షేపణ వేరు. పేరులోని మొదటి మాటను మార్చినవారు రెండవ మాటను తాకలేదు. ‘మేనేజ్‌మెంట్’ అంటే కంపెనీ, బ్యాంకు, విశ్వవిద్యాలయం, డైరెక్టర్ల బోర్డు అనే అర్థం చెక్కుచెదరలేదు. తెలుగులో ఈ భావానికి రెండు మాటలున్నాయి: నిర్వహణ, పెత్తనం. నిర్వహణ అంటే పని, పెత్తనం అంటే అధికారం. మన ఇళ్లలో, పొలాలలో, దుకాణాలలో మొదటిది స్త్రీదిగాను, రెండవది పురుషునిదిగాను ఉండడం సర్వసామాన్యం. ఇంగ్లీషు మాట ఈ రెండింటినీ కలిపివేస్తుంది గనుక, పెత్తనం లేని నిర్వాహకురాలు ఆ శాస్త్రం కంటికి ఆనదు.

ఇది ఊహాగానం కాదు. హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ (అప్పటి ‘సియెట్’) ద్వారా 1964-65లో డేవిడ్ మెక్లెలాండ్ కాకినాడ వ్యాపారులకు ‘సాధనాకాంక్ష’ శిక్షణ ఇప్పించి, 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి ఆ ఫలితాలను గ్రంథంగా ప్రకటించాడు. నిర్వహణశాస్త్ర చరిత్రలో తెలుగు పట్టణమొకటి ఇంతగా పేరుకెక్కడం అరుదు. కాని ఆ సిద్ధాంతం తయారైనది పురుషుని కొలతతోనే. గల్లాపెట్టె వద్ద కూర్చున్న మగవాడు వ్యాపారి. సరుకు శుభ్రం చేసి, తూచి, పనివారికి అన్నం పెట్టి, అరువు పద్దులు నోటిలెక్కగా గుర్తుంచుకున్న ఇల్లాలు అతని కుటుంబం, అంతే.

1982లో ‘డ్వాక్రా’ పథకం వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి సారా వ్యతిరేకోద్యమం లేచింది. ఆ తరువాత పొదుపు సంఘాలు పల్లెపల్లెకు పాకాయి. పది పదిహేనుమంది స్త్రీల సంఘం, దానిపైన గ్రామసమాఖ్య, ఆపైన మండల, జిల్లా సమాఖ్యలు. తీర్మానం రాయడం, వాయిదా వసూలు చేయడం, బ్యాంకుతో వాదించడం, అప్పు ఎవరికి ముందు ఇవ్వాలో తగవు తీర్చడం వీరి పని. ఇది నిర్వహణ కాకపోతే మరేది నిర్వహణ? అయినా దీనిని గురించిన పరిశోధన ఎక్కువగా ‘గ్రామీణాభివృద్ధి’, ‘పేదరికం’ అనే శీర్షికల కింద చేరుతుంది. 2013 నాటి కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డులలో కనీసం ఒక స్త్రీ ఉండాలన్నది. ఆ ఒక్క కుర్చీని గురించి వ్యాసాలు వెల్లువెత్తాయి. సంఘం పేర వచ్చిన అప్పుపై ఇంట్లో పెత్తనమెవరిదన్న ప్రశ్నకు అంత చోటు దొరకలేదు.

ఈ త్రైమాసిక పాఠకులకు మరొక ఉదాహరణ సన్నిహితంగా తోచవచ్చు. వక్ఫ్ ఆస్తిని నిర్వహించే ముతవల్లీ స్త్రీ కావచ్చునా అన్న విషయం ధర్మశాస్త్రవేత్తలకు కొత్త కాదు. హజ్రత్ ఉమర్ తన వక్ఫ్ భూమి నిర్వహణను కుమార్తె హజ్రత్ హఫ్సాకు అప్పగించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నవి. షహర్ బానూ వ్యాజ్యంలో 1906లో ప్రీవీ కౌన్సిల్ కూడ స్త్రీ ముతవల్లీ కావచ్చునని అంగీకరించింది. స్త్రీ స్వయంగా చేయలేని మతపరమైన విధులు ముడిపడిన చోట మాత్రమే అడ్డంకి. భూమి, కౌలు, మరమ్మతు, లెక్క ఇవన్నీ శుద్ధమైన నిర్వహణ విషయాలు. ఇక్కడ చట్టం తలుపు తెరిచియే ఉంచింది. తెరిచిన తలుపులోనుండి ఎందరు నడిచారు, నడవనివారిని ఆపిందేమిటి అని అడగడానికి జెండర్, నిర్వహణ అనే రెండు మాటలు కలిగిన పత్రికకన్న తగిన వేదిక ఏది?

నేను నివసించే చైతన్యపురి చుట్టుపక్కల, దిల్‌సుఖ్‌నగర్‌నుండి ఎల్.బి. నగర్ పోయే దారి పొడవునా కోచింగ్ కేంద్రాలు, వాటి వెనుక సందులలో ఆడపిల్లల హాస్టళ్లు. 2018లో మెట్రో రైలు వచ్చాక ఈ దారికి రాకపోకలు మరింత సులువైనవి. ఎం.బి.ఏ. ప్రవేశానికి ఐసెట్ చదివే అమ్మాయిలు ఆ హాస్టళ్లలో ఉంటారు. బియ్యం, గ్యాసు, అడ్వాన్సులు, వంటమనిషి సెలవులు, రాత్రి గేటు వేళలు చూసుకునే స్త్రీని వారు ‘ఆంటీ’ అని పిలుస్తారు. రేపు వారు చదవబోయే పాఠ్యగ్రంథాలలో ఆమె ఉండదు. పత్రిక వ్యాసాలలో చాలామటుకు విశ్వవిద్యాలయ చందా ఉన్నవారికే అందుబాటు. లేనివారు వ్యాసం ఒక్కింటికి డాలర్లలోనో పౌండ్లలోనో చెల్లించాలి. ఆ అమ్మాయిలలో ఒకతె ఎం.బి.ఏ. ప్రాజెక్టుకు హాస్టల్ ఆంటీ పద్దుపుస్తకాన్ని విషయంగా ఎంచుకుంటే, అది మేనేజ్‌మెంట్ కాదని తిప్పి పంపని గైడు ఆమెకు దొరకాలి. అట్లా తయారైన వ్యాసానికి ఆ ఇరవైమూడవ సంపుటం తరువాతి సంపుటాలలో ఎక్కడైనా చోటుండాలి.