నీతిచంద్రికయందలి ప్రాచీనానుకరణము

పూర్వభాషను బుద్ధిపూర్వకముగా ననుకరించు రచయితకుఁ గల చిక్కు పూర్వులకు లేదు. వారు తమకుఁ దెలిసిన రూపములలో ఛందమునకో చెవికో యొదిగినదానిని గ్రహించిరి. ఇతఁడో, రెండు రూపములలో నేది ప్రాఁతదియో విచారించి దానినే పట్టుకొనవలెను. అందుచే ననుకర్త తఱచుగాఁ బూర్వులకంటెను బూర్వుఁడగును. తెలుఁగున దీనికి ముఖ్యోదాహరణము 1853లోఁ బ్రకటితమైన పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక.

పంచతంత్ర హితోపదేశముల ననుసరించి మిత్రలాభ మిత్రభేదములను సూరి వచనముగా రచించెను. ఆ వచనమునకు మేలుబంతి యెక్కడిది? సూరికి ముందు తెలుఁగునఁ గథలు చెప్పిన వచనము లేకపోలేదు. మధుర తంజావూరుల వచనకావ్యములు, రాయవాచకము, కైఫీయతులు, రావిపాటి గురుమూర్తిశాస్త్రి విక్రమార్కకథలు ఉండనే యున్నవి. వీనిలోఁ బెక్కింటి నడక వాడుకకు దగ్గఱ. సూరి వీనిని వరవడిగాఁ గొనలేదు. కవిత్రయాదుల పద్యములయందలి భాషానియమములను దెచ్చి కథావచనమునకుఁ గట్టెను. నన్నయాదులు గద్యము వ్రాయలేదా యని కొంద ఱడుగవచ్చును. వ్రాసిరి, కాని యది పద్యముల నడుమఁ గానవచ్చు గద్యమే గాని, కాకియు నెలుకయు సంభాషించు కథ యాద్యంతము నడచిన వచనము కాదు. కావున నీతిచంద్రికాభాష యేనాఁటిదని యడిగినచో 1853 నాఁటిదే యనవలెను. బింబము లేని ప్రతిబింబ మది.

సృష్టిగాఁ జూచిన నది యుత్తమము. సంస్కృతసమాసము వెంబడి నచ్చతెలుఁగుక్రియను నిలుపు నేర్పు, నీతిని జెప్పునపుడు వాక్యమును గుఱుచచేసి తెంపు తూఁకము, బిగ్గఱగాఁ జదువువారికిఁ దెలియకపోదు. ఈ గుణములు సూరివే గాని ప్రాచీనతవి కావు. అరసున్నను వేఱు గుర్తుతోఁ జూపుటయుఁ దాళపత్రములలో సామాన్యముగాఁ గానరాదు. నేఁటి కన్నులకు మిక్కిలి ప్రాఁతదిగాఁ దోఁచు నలంకారము నిజమునకు ముద్రణయుగపు సొమ్ము!

చిక్కు, సృష్టిని శాసనముగాఁ జేయుటలో వచ్చినది. నీతిచంద్రిక పాఠ్యగ్రంథమై తరములకొలఁది బాలురచేతికిఁ బోయెను. అందుఁ గానరాని రూపము తప్పయ్యెను. 1858 నాఁటి బాలవ్యాకరణమునందు సూరియే పలుచోట్ల వికల్పములను జెప్పి పూర్వుల వైవిధ్యమునకుఁ జోటిచ్చెను. ఆ చోటును శిష్యపరంపర మూసివైచెను. గిడుగు రామమూర్తి పంతులు చేసిన గొప్ప పని, పండితులు తప్పులన్న రూపములను బ్రాచీనకావ్యములనుండియే యెత్తి చూపుట. ఆయన వాదమునంతయు నొప్పుకొననివారును ఈ సాక్ష్యమును ద్రోయలేరు. 1911లో స్థాపితమైన ఆంధ్రసాహిత్యపరిషత్తు గ్రాంథికమును సమర్థించినపుడు సైతము, తాను గాపాడుచున్నది నన్నయభాషయా సూరిభాషయా యను ప్రశ్నకు సూటియైన యుత్తరము రాలేదు.

సూరి విడిచిన భాగమును బూరించినవారిలో నిద్దఱను బోల్చిచూడవలెను. విగ్రహమును రచించిన కొక్కొండ వేంకటరత్నము పంతులు కడవఱకు గ్రాంథికమునే పట్టుకొనెను. విగ్రహసంధులను రచించిన కందుకూరి వీరేశలింగము పంతులును మొదట నీబాటనే నడచెను. కాని రాజశేఖరచరిత్రమును వ్రాయఁబూనినపుడు, ఇంటిమాటలును సంతమాటలును జెప్పవలసివచ్చి, యా బిగువును దానే సడలించుకొనెను.