ఎవరి పీట వెనక్కి జరిగింది?

మొన్న ఆదివారం కాప్రాలో మా కాలనీ సంక్షేమ సంఘం మీటింగు. బోర్డు మీద పనుల జాబితా రాశారు: చెరువు వైపు పోయే నాలాలో పూడిక, వీధి దీపాలు, కుక్కల బెడద, పార్కు గోడ. ప్రతి దాని పక్కనా ఎర్ర మార్కరుతో ‘టాప్ ప్రయారిటీ’ అని ఉంది. ‘‘అన్నీ ప్రయారిటైజ్ చేశాం సార్’’ అన్నారు కార్యదర్శి. నాకు ఒళ్లు మండింది. 2007లో జీహెచ్ఎంసీలో కలవకముందు, కాప్రా విడి మున్సిపాలిటీగా ఉన్న రోజుల్లో, ఇలాంటి జాబితాకు వరుస నంబర్లు వేసేవాళ్లం. రెండో నంబరు దేనికన్న దగ్గరే అసలు గొడవంతా నడిచేది.

ఆ ఇంగ్లీషు క్రియకు రెండర్థాలున్నాయి. పనులను ముందూ వెనుకా చూసి వరుస పెట్టడం ఒకటి. ఒకదాన్ని మిగతావాటికన్నా ముఖ్యమనుకోవడం రెండోది. వరుస పెట్టడం కష్టం, ముఖ్యమనడం తేలిక. మన నోట తేలికదే నిలిచింది.

తెలుగు మాట ఉండగా ఇంగ్లీషు ఎందుకని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు పోట్లాడానో మీకు తెలుసు. ఈసారీ అదే రాద్దామని కూర్చుంటే ‘పెద్దపీట’ అడ్డొచ్చింది. బడ్జెట్ వచ్చిన మర్నాడు పేపరు చూడండి. విద్యకు పెద్దపీట, వైద్యానికి పెద్దపీట, సాగుకు పెద్దపీట. అందరిదీ పెద్దపీటే అయితే చిన్నపీట మీద కూర్చున్నదెవరు?

ఒకరికి పెద్దపీట వేస్తే ఇంకొకరి పీట వెనక్కి జరుగుతుందని మన పెద్దలకు బాగా తెలుసు. రాజసూయంలో అగ్రపూజ ఎవరికని ధర్మరాజు అడిగితే, అందరికీ చేద్దామని భీష్ముడు దాటేయలేదు. కృష్ణుడి పేరు చెప్పాడు. సహదేవుడు అర్ఘ్యం ఇచ్చాడు. శిశుపాలుడు లేచి ద్రోణుడు లేడా, ద్రుపదుడు లేడా, కన్నతండ్రి వసుదేవుడు ఉండగా కొడుక్కా అని నిలదీశాడు. అతని నోరు చెడ్డదే కానీ, ఆ ప్రశ్న మాత్రం న్యాయమైనదని నా నమ్మకం. ఒకరిని ముందు నిలిపితే వెనకబడ్డవాళ్ల పేర్లు బయటికొస్తాయి. భీష్ముడు వాళ్లకు జవాబు చెప్పడానికి సిద్ధపడే ఆ పేరు చెప్పాడు.

మాట ఏ భాషదైనా, వెనక్కి జరిగిందేదో చెప్పకపోవడమే అసలు తప్పు. అందుకే ప్రయారిటైజ్ మీద నా పోరు ఇక్కడితో ఆపుతున్నాను. కార్యదర్శి గారు ఆ మాటే వాడుకోనీ. నాలా ముందు, దీపాలు తర్వాత, పార్కు గోడ వచ్చే ఏడాదికి అని బోర్డు మీద రాస్తే నాకు చాలు. పత్రికల్లోని సబ్ ఎడిటర్లకూ ఒక విన్నపం. ‘పెద్దపీట’ అని శీర్షిక పెట్టినప్పుడు, నిరుటికన్నా ఏ శాఖకు ఎంత తగ్గిందో దాని కిందే ఒక వాక్యం వేయండి.