బామర్ నిష్పత్తి: ఒక విమర్శనాత్మక పరిశీలన

గెలాక్సీలో ఏటా ఎంత వాయువు నక్షత్రాలుగా మారుతోందో అంచనా వేయడానికి ఎర్రని హైడ్రోజన్ ఆల్ఫా రేఖను కొలుస్తారు. మధ్యలోని ధూళి ఎంత కాంతిని మింగిందో బామర్ శ్రేణిని బట్టి లెక్కిస్తారు. ధూళి లేనప్పుడు ఆల్ఫా, బీటా రేఖల తీవ్రతల నిష్పత్తి సుమారు 2.86. నీలం వైపున్న బీటాను ధూళి ఎక్కువగా ఆపుతుంది కనుక నిష్పత్తి పెరుగుతుంది. పద్ధతి చక్కనిదే. చిక్కంతా దాని వెనుక ఉన్న ఊహతోనే: ధూళి ఒక తెరలా నక్షత్రాల ముందు నిలిచిందని అది అనుకుంటుంది.

శీతాకాలపు తెల్లవారుజామున రాజమహేంద్రవరం గట్టు మీద నిలబడ్డామనుకోండి. పొగమంచు గోదావరి మీదే ఉంటే అవతల కొవ్వూరు దీపాలన్నీ ఇంచుమించు ఒకే మేరకు మసకబారతాయి. దీపాలు ఆ మంచులోనే, పడవల మీద చెల్లాచెదురుగా ఉంటే? దగ్గరివి కనిపిస్తాయి, దూరపువి లెక్కలోకే రావు. కనిపించిన వాటిని బట్టి మంచు పలచనిదనుకుంటాం. (ధూళిలా మంచు కాంతిని ఎరుపెక్కించదు, పోలిక అంతవరకే.)

పరారుణంలో అసాధారణంగా వెలుగుతోందని 1983 నాటి ఐరాస్ ఉపగ్రహం చూపిన ఆర్ప్ 220 గెలాక్సీలో జరిగేది ఇదే. అక్కడ ధూళి నక్షత్రాలతో కలిసిపోయి ఉంది. మింగిన కాంతిని పరారుణంగా వెదజల్లుతుంది. బామర్ సవరణ చేశాక కూడా నక్షత్ర జనన రేటు బాగా తక్కువగా తేలుతుంది.

అలాగని పరారుణ కొలతను కళ్ళు మూసుకుని నమ్మలేం. మామూలు గెలాక్సీలలో ముసలి నక్షత్రాలు, కొన్నింటిలో కేంద్రంలోని కృష్ణబిలం చుట్టూ ఉన్న పదార్థం కూడా ధూళిని వేడెక్కిస్తాయి. ఆ వాటా తీసివేయకపోతే అంకె ఎక్కువగా వస్తుంది.